కాలేయ క్యాన్సర్‌కు చైనా మూలికలు: ఆశ ఎంత, ఆధారం ఎంత

ప్రపంచంలో ఏటా కొత్తగా కాలేయ క్యాన్సర్ బారిన పడేవారిలో నూటికి నలభై మందికి పైగా చైనాలోనే ఉన్నారు. హెపటైటిస్-బి వైరస్ అక్కడ తరతరాలుగా తల్లి నుంచి బిడ్డకు సోకుతూ రావడం, కొన్ని జిల్లాలలో బూజు పట్టిన మొక్కజొన్న ద్వారా అఫ్లాటాక్సిన్ అనే విషం ఒంట్లో చేరడం ఇందుకు ముఖ్య కారణాలు. వ్యాధి ముదిరాక బయటపడితే శస్త్రచికిత్సకు వీలుండదు. 2007లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందిన సొరాఫెనిబ్ మాత్ర కూడా ప్రధాన పరీక్షలో రోగుల ఆయుష్షును దాదాపు మూడు నెలలు మాత్రమే పొడిగించింది. చైనా పరిశోధకులు తమ సంప్రదాయ వైద్యంలోని మొక్కల వైపు చూడటానికి సమర్థమైన మందుల కొరత ఒక కారణం.

అలా పరిశీలనకు వచ్చిన పదార్థాలు చాలా ఉన్నా, ఎక్కువ భాగం ప్రయోగశాల దాటలేదు. హువాంగ్‌లియన్ అనే చేదు వేరులో పచ్చగా ఉండే బెర్బరిన్ (మన మానుపసుపులోనూ ఉన్నది ఇదే) గాజుపళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపుతుంది గానీ, నోటితో తీసుకున్నప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం. గాజుపళ్ళెంలో కణాలను చంపే పదార్థాలకు కొదవ లేదు, సారాయి కూడా ఆ పని చేస్తుంది. కాబట్టి పత్రికలలో తరచూ కనిపించే 'క్యాన్సర్‌ను చంపే మూలిక' వార్తలను ఆ మేరకే నమ్మాలి.

ప్రయోగశాలను, ఆ తర్వాతి పరీక్షలను దాటి రోగి చేతికి వచ్చినది ఇకారిటిన్. యిన్‌యాంగ్‌హువో అని పిలిచే ఎపిమీడియం మొక్క ఆకులో ఇకారిన్ అనే పదార్థం చక్కెర అణువులను అంటిపెట్టుకుని ఉంటుంది; పేగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలను తెంచివేస్తే మిగిలేదే ఇకారిటిన్. ఇది శోథకు, అంటే కణజాలంలో రగిలే వాపుకు, కారణమైన సంకేతాలను అణచి, కణితి పట్ల శరీర రోగనిరోధక శక్తి స్పందించే తీరును మారుస్తుందని పరిశోధకులు వివరిస్తున్నారు. రోజుకు రెండుసార్లు 600 మిల్లీగ్రాముల చొప్పున భోజనానంతరం తీసుకునే ఈ మెత్తని గొట్టం మాత్రకు చైనా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో అనుమతినిచ్చింది. విచిత్రమేమంటే, సంప్రదాయ వైద్యులు ఈ ఆకును వాడినది మూత్రపిండాల బలానికి, ఎముకల పటుత్వానికి, లైంగిక పటుత్వానికి; కాలేయ క్యాన్సర్‌కు కాదు. అందువల్ల ఈ విజయాన్ని ప్రాచీన జ్ఞానానికి నిదర్శనంగా చూపడం కన్నా, ఆధునిక రసాయన శాస్త్రం పాత మొక్కలో కొత్త గుణాన్ని కనుగొన్నదనడమే న్యాయం.

అనుమతి పరిధి కూడా చిన్నది. ఇకారిటిన్ పరీక్షలో పాల్గొన్న 283 మందిలో, రక్తంలోని ఆల్ఫా-ఫీటోప్రోటీన్ మోతాదు వంటి మూడు కొలతలలో కనీసం రెండు నిర్ణీత స్థాయిలో ఉన్నవారు దాదాపు నాలుగో వంతు మాత్రమే; అనుమతి అలాంటివారికే. ఆ కొద్దిమందిలో ఇకారిటిన్ తీసుకున్నవారిలో సగం మంది 13 నెలలకు పైగా జీవించగా, పోలిక కోసం వేరే మందు ఇచ్చినవారిలో ఆ కాలం రమారమి ఏడు నెలలు. ఆ పోలిక మందు కూడా సొరాఫెనిబ్ కాదు, గోదురుకప్ప చర్మం నుంచి తీసే హువాచాన్సు అనే సంప్రదాయ ఔషధం. ఇంతకన్నా బలమైన చికిత్సతో పోల్చి ఉంటే ఫలితానికి మరింత విలువ ఉండేది.

ఈ వైద్య సంప్రదాయంలోనే కాలేయానికి హాని చేసిన మొక్కలూ ఉన్నాయి. అరిస్టోలోకియా జాతి తీగలలోని అరిస్టోలోకిక్ ఆమ్లం కణంలోని జన్యుపదార్థానికి అంటుకుని, ఎడినిన్ ఉండవలసిన చోట థైమిన్ వచ్చేలా చేస్తుంది. ఈ మార్పు వేలిముద్రలా గుర్తుపట్టదగినది. తైవాన్‌లో 98 మంది రోగుల కాలేయ కణితులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో 78 శాతం కణితులలో ఈ ముద్ర కనిపించింది. తైవాన్ ఈ మూలికలలో చాలావాటిని 2003లోనే నిషేధించింది గానీ, జన్యువులో ఒకసారి పడిన మార్పు మందు మానినంత మాత్రాన చెరిగిపోదు. తెలుగు పల్లెలలో పాముకాటుకు వాడుతూ వచ్చిన ఈశ్వరి తీగ ఈ జాతిదే; దాని వేరులోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది.