గాలి సోకిందనుకుంటే...

పిల్లవాడికి జ్వరం వచ్చి, మాట తడబడి, కళ్లు తేలేస్తే 'గాలి సోకింది' అనే మాట మన మొహల్లాల్లో ఇప్పటికీ వింటున్నాం. తాయెత్తు కోసం తిరగడంలోనే ఒక రాత్రి గడిచిపోతుంది. మెదడువాపు వ్యాధిలో ఆ రాత్రే విలువైనది.

మన దేశంలో 1955లో వేలూరు ప్రాంతంలో బయటపడ్డ ఈ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది. వరిచేల నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి చేరవేస్తుంది. మనం పందులను పెంచం కదా అన్న ధీమా పనికిరాదు. దోమకు ప్రహరీగోడ అడ్డా? మగ్రిబ్ వేళ నుంచే అది కుట్టడం మొదలుపెడుతుంది.

వైరస్ సోకిన చాలామందికి ఏమీ కాదు. సుమారు 250 మందిలో ఒకరికి మాత్రం జబ్బు ముదురుతుంది. తీవ్ర జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, పిలిచినా పలకని మత్తు, ఫిట్స్. ఈ దశకు చేరిన వారిలో 30 శాతం దాకా చనిపోవచ్చు. బతికినా కొందరికి కాలుచేతులో, మాటో తిరిగి రావు. వైరస్‌ను చంపే మందు లేదు. ఫిట్స్‌నూ శ్వాసనూ అదుపులో పెట్టి ప్రాణం నిలిపేది ఆస్పత్రే.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వ్యాధి ఉన్న జిల్లాల్లో 9 నెలలు నిండాక ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి ఉచితంగా టీకా వేస్తారు. మీ పిల్లల కార్డులో అది పడిందో లేదో ఈ రోజే చూడండి.