పవిత్ర గ్రంథానువాదము – నుడికారము

దివ్య ఖుర్ఆనులో దానము పొందదగిన వారిని పేర్కొనుచోట 'ఇబ్నుస్సబీల్' అను మాట కలదు. పదమునకు పదము తెలుగు చేసినచో అది 'దారి కొడుకు' అగును. మన ఊళ్లలో ఒకరిని ఆ మాట అన్నచో తగవు తప్పదు. కాని దాని అర్థము బాటసారి అని మాత్రమే. ఉర్దూ విద్యార్థులకు 'ఇబ్నుల్ వఖ్త్' అను మాట సుపరిచితము. 1888లో డిప్యూటీ నజీర్ అహ్మద్ తన నవలకు ఆ పేరే పెట్టెను. దానిని 'కాలము కొడుకు' అని కాక, గాలి ఎటు వీచిన అటు ఒరుగువాడని మనము గ్రహించుచున్నాము.

ఈ పలుకుబడి అరబ్బీ భాషకే పరిమితము కాదు. దానికి తోబుట్టువైన హీబ్రూలోను (ఉర్దూలో ఇబ్రానీ) ఇదే తీరు. అరబ్బీ 'ఇబ్న్' అక్కడ 'బెన్' అగును. నూరేండ్ల వయసు గలవానిని 'నూరేండ్ల కొడుకు' అనియు, మరణశిక్షకు పాత్రుడైన వానిని 'చావు కొడుకు' అనియు ఆ భాషలో అందురు. యూదుల పవిత్ర గ్రంథములు, క్రైస్తవులు పాత నిబంధన అని పిలుచు భాగము, అధికముగ ఈ భాషలోనే ఉన్నవి. ఇట్టి మాటలను అక్షరార్థముగ గ్రహించినచో భావము చెడుటయే గాక, పొరుగువారి గ్రంథముపై అకారణమైన అపహాస్యము పుట్టును. అందుచేత ఈ విషయమును కొంత విచారింపదలచితిమి.

ప్రతి భాషయు మనోభావములను శరీరావయవములకు పంచిపెట్టును. ఆ పంపకము భాషకొక విధముగ నుండును. తెలుగువాడు ధైర్యమును గుండెలోను, అసూయను కడుపులోను చూచును. ఉర్దూ కవి ప్రేమను, సాహసమును జిగర్‌లో, అనగా కాలేయములో, చూచును. హీబ్రూలో మనిషి అంతరంగమునకు స్థానము మూత్రపిండములు. తెలుగు బైబిలు అనువాదకులు అచ్చట 'అంతరింద్రియములు' అని వ్రాసి భావమును కాపాడిరి. హీబ్రూలో 'అఫ్' అనగా ముక్కు. కోపము కూడ అదే. త్వరగ కోపము తెచ్చుకొననివాడు వారి మాటలో 'పొడుగు ముక్కువాడు'. మనకును ముక్కుమీద కోపము కలదు గాని ముక్కు పొడవునకు ఓర్పుతో సంబంధము లేదు. 'దీర్ఘశాంతుడు' అను తెలుగు మాటలో ముక్కు పోయినను, దాని పొడవు నిలిచినది. ఇది మేలైన అనువాదమని మా అభిప్రాయము.

అర్థము కాని మాట కంటె మరియొక అర్థమిచ్చు మాట ప్రమాదకరము. అర్థము కానిచో పాఠకుడు ఆగి మరియొకరిని అడుగును. తప్పుగ అర్థమైనచో అడుగడు. హీబ్రూలో 'చెడ్డ కన్ను గలవాడు' అనగా లోభి, ఇతరుల మేలు ఓర్వలేనివాడు. 'మంచి కన్ను గలవాడు' అనగా దాత. మొదటి మాటను ఉన్నదున్నట్లు వ్రాసినచో తెలుగు పాఠకుడు దిష్టి అనుకొనును, లేదా దుర్బుద్ధితో కూడిన చూపు అనుకొనును. గ్రీకు మూలముగల క్రొత్త నిబంధనలోను ఈ పలుకుబడి కానవచ్చును. మత్తయి సువార్త 20వ అధ్యాయములో తెలుగు అనువాదకులు దానిని 'కడుపుమంట' అనిరి. కన్ను కడుపైనది, భావము మాత్రము చెక్కుచెదరలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణము ఆమోసు ప్రవక్త గ్రంథము 4వ అధ్యాయములో కలదు. అచ్చట కరవును 'పండ్ల శుభ్రత' అను మాటతో చెప్పిరి. నమలుటకు మెతుకు లేనందున పండ్లకు ఏమియు అంటలేదని భావము. తెలుగులో అది 'దంతశుద్ధి' అయినది. వినగానే మనకు తోచునది వేపపుల్లయే గాని ఆకలి కాదు. యర్రగొండపాలెము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కరవును పుస్తకములలో చదివి తెలిసికొనినవి కావు. 1876–78 నాటి ధాత కరవు ముగియు వేళ, 1878 జూలై 3న, ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ తీరములో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలిని అంతగ ఎరిగిన ప్రజల సంతతికి ఆకలిని గూర్చిన వాక్యమే అందకపోవుట విచారకరము కదా!

ఒకే విషయము రెండు గ్రంథములలో రెండు నుడికారములతో వచ్చుటయు కలదు. మూసా ప్రవక్త (అలైహిస్సలాం) తన మాట సరిగ సాగదని చెప్పుకొనిన సందర్భమున తౌరాత్‌లో నోరు, నాలుక 'బరువైనవి'. ఖుర్ఆను తాహా సూరాలో నాలుకకు 'ముడి' పడినది. చదువరి బరువును తూచనక్కరలేదు, ముడిని వెదకనక్కరలేదు. రెండింటిలోను కనబడునది, మహాకార్యమునకు పిలుపు వచ్చినపుడు మాట తడబడు మనిషి వేదనయే.

ఈ విచారణ నేటిది కాదు. సాదియా గావోన్ (882–942) తౌరాత్‌ను అరబ్బీలోనికి అనువదించినప్పుడు దేవునికి అవయవములను చెప్పు మాటలను భావార్థముతో వ్రాసెను. మూసా బిన్ మైమూన్ 12వ శతాబ్దిలో అరబ్బీ భాషను హీబ్రూ లిపిలో వ్రాసి రచించిన 'దలాలతుల్ హాయిరీన్' ప్రథమ భాగములో ఇట్టి పదములనే వివరించెను. మన ముఫస్సిరులును 'అల్లాహ్ హస్తము' వంటి మాటలపై దీర్ఘముగ చర్చించిరి. కొందరు శక్తి, అనుగ్రహము అని వ్యాఖ్యానింపగా, కొందరు మాటను అట్లే ఉంచి దాని స్వరూపమును అల్లాహ్‌కే విడిచిరి. కావున విశ్వాసమునకు సంబంధించిన మాటలలో అనువాదకుడు తానే తీర్పు చెప్పరాదు. మూలపదమును నిలిపి, వివరణమును అడుగున వ్రాయుట ఉత్తమము.

తక్కిన చోట్ల మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. మూలభాష వినువానికి ఆ మాటలో చిత్రము కనబడెనా, అర్థము మాత్రమే వినబడెనా? అదే మాట తెలుగువానికి ఏమని వినబడును? తెలుగులో దానికి దీటైన నుడికారము కలదా? 'పాలు తేనెలు ప్రవహించు దేశము' అన్న చిత్రము మనకును కనబడును, దానిని ఉంచవలెను. బనీ ఇస్రాయీల్ సూరాలో లోభము 'మెడకు కట్టిన చేయి'గా చెప్పబడినది. పిసినారిది బిగించిన పిడికిలి, దాతది ఎముక లేని చేయి అను తెలుగువారికి ఆ చిత్రము కొద్ది వివరణముతో అందును. 'పండ్ల శుభ్రత' అందదు. అచ్చట భావమునే చెప్పవలెను.

ఖుర్ఆనును తొలిసారి తెలుగు చేసినవారు చిలుకూరి నారాయణరావుగారు. అనంతపురము దత్తమండల కళాశాలలో బోధించి, 1937లో 'ఆంధ్రభాషాచరిత్రము'ను వెలువరించిన ఆ పండితుడు ముస్లిము కాడు. పరుల గ్రంథమునకు ఆయన వెచ్చించిన శ్రమను మన విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మీకు ఒక నుడికారము మరియొక భాషలో ఎట్లు చెడునో బోధింప పనిలేదు. ఇంట ఒక మాట, వీధిలో ఒక మాట పలుకుచు నిత్యము అనువాదము చేయువారే మీరు. పొరుగువారి గ్రంథములో వింతగ తోచిన మాట కంటబడినప్పుడు నవ్వుటకు ముందు, ఇది ఏ భాష పలుకుబడియో, వారిలో దాని భావమేమియో ఎరిగినవారిని అడుగుడు. మన గ్రంథమును చదువు ఇతరుల నుండి మనము కోరునదియు అంతియే కదా.