రెండు కంప్యూటర్లకు జంట తెరలు

2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినపుడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలలో పనిచేయు యువతీయువకులు అనేకులు గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని తమ యిండ్లకు వచ్చి, అచ్చటినుండియే ఉద్యోగములు సాగించిరి. మిర్చి టిక్కీల లెక్కలు వ్రాసికొను గదిలో కంపెనీ ల్యాప్‌టాప్‌కు కూడ చోటు చేయవలసి వచ్చినది. పలువురు తిరిగి వెళ్లిరి గాని, వారమునకు కొన్ని దినములు ఇంటినుండి పనిచేయు పద్ధతి కొందరికి నిలిచిపోయినది. అట్టి యిండ్లలో ఒక ప్రశ్న వినబడుచుండును: బల్ల ఒకటి, తెరలు రెండు, కంప్యూటర్లు రెండు. ఈ తెరలను రెండు యంత్రములును పంచుకొనుట యెట్లు?

మొదట గ్రహింపవలసిన దొక్కటే. ఒక్కొక్క తెరకు ఒక్కొక్క కంప్యూటరునుండి ప్రత్యేకముగా ఒక త్రోవ ఉండవలెను. అనగా మొత్తము నాలుగు త్రోవలు. సాగరు కాలువ క్రింద ఒక చేనికి రెండు తూములున్నను, ఒకటి మూసి వేరొకటి తెరచినట్లు, తెర ఒక సమయమున ఒక త్రోవనే స్వీకరించును. కావున బజారునకు పోవుటకు ముందు యంత్రముల వెనుకనున్న రంధ్రములను లెక్కించుకొనవలెను.

నేటి తెరలలో చాలవాటికి హెచ్.డి.ఎం.ఐ., డిస్‌ప్లేపోర్టు అను రెండు ద్వారములుండును. ఇంటి కంప్యూటరును రెండు తెరల హెచ్.డి.ఎం.ఐ.కి, కంపెనీ యంత్రమును రెండింటి డిస్‌ప్లేపోర్టుకు కలిపిన చాలును. తెర అంచుననున్న మీట నొక్కి కావలసిన యంత్రమును ఎన్నుకొనవచ్చును. ఖర్చు తీగలకు మాత్రమే. ఎడమ తెరపై యార్డు ధరలు, కుడి తెరపై కంపెనీ పని ఒకేసారి చూచుకొను సౌకర్యము కూడ ఇందు కలదు. దినమునకు రెండు మూడు మార్లు మాత్రమే మార్చువారికి ఇదియే మేలని మా అభిప్రాయము. ల్యాప్‌టాప్‌కు ఒక్క హెచ్.డి.ఎం.ఐ. ద్వారమే యున్నచో రెండవ తెరకు యు.ఎస్.బి.-సి త్రోవ వెదకవలెను. ఐతే అట్టి ద్వారము లన్నియు చిత్రమును మోయవు. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిరు వంటిది స్వయముగా ఒక్క వెలుపలి తెరనే నడుపును.

మాటిమాటికి మార్చువారికి కె.వి.ఎం. స్విచ్చి యను పెట్టె యున్నది. ఒక్క మీటతో తెరలు, కీబోర్డు, మౌసు కలిసి మారును. కొనునపుడు రెండు తెరలకు తగినదో కాదో చూడవలెను; చవుకవి పెక్కు ఒక్క తెరకే. స్ప్లిట్టరు వేరు వస్తువు. అది ఒకే బొమ్మను రెండు తెరలకు పంచును. మరియొక చిక్కు: తెర తన వివరములను ఇ.డి.ఐ.డి. యను చిన్న పట్టికగా కంప్యూటరునకు తెలుపుచుండును. పెట్టె మార్చినంతనే ఆ పట్టిక అందక, తెర పోయినదని తలచి కంప్యూటరు కిటికీల నన్నిటిని ఒకచోట కుప్పవేయును. పట్టికను నిలిపియుంచు పెట్టెలు కొంత ఖరీదైనను ఈ బాధ తప్పును.

ఒకే కీబోర్డు వాడుటలో జాగ్రత్త కావలెను. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్‌లో గుంటూరు మార్కెట్టు యార్డు కూడ చేరినది. అందు ధర కోట్ చేయుచున్నామనుకొని కొట్టిన అంకెలు కంపెనీ ఉత్తరములో పడవచ్చును. దానికన్న తలక్రిందులైనది కంపెనీ మాట ధరల గడిలో పడుట. రెండు యంత్రముల తెరలకు వేరువేరు రంగుల నేపథ్యము పెట్టుకొన్నచో ఏది యెదుట నున్నదో వెంటనే తెలియును. కొన్ని కంపెనీలు పరాయి యు.ఎస్.బి. పరికరములను అడ్డగించును, పెట్టె కొనుటకు ముందు అడుగుట మంచిది.

ఇక ఎర్తు సంగతి. చిత్రపు తీగలోని లోహపు తొడుగు రెండు కంప్యూటర్లను కలిపివేయును. అవి వేరువేరు ప్లగ్గులనుండి నడచుచు, ఎర్తు సరిగా లేనిచో, ఆ తొడుగుగుండా కరెంటు ప్రవహింపవచ్చును. మన నల్లరేగడి నేల తడిగా నున్నపుడు ఎర్తుకు అనుకూలమే. వేసవిలో బీటలు వారి కడ్డీని వదలును. గుంటలో బొగ్గు, ఉప్పు ఉన్నవో లేవో చూచి, ఎండకాలమున నీరు పోయుచుండవలెను. తెరలు, కంప్యూటర్లు అన్నిటిని ఒకే ప్లగ్గునుండి వచ్చు పలకకు కలుపవలెను. ల్యాప్‌టాప్ అంచు తాకిన చేయి జివ్వుమన్నచో ఎలక్ట్రీషియనును పిలిపింపుడు. మూడవ పిన్ను విరిచి ప్లగ్గు పెట్టుట మాత్రము వలదు.