మూత్రమార్గమునకు సోకు వ్యాధులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి తీత, మిరపకాయల కోత శీతకాలమున సాగి, ఎండలు ముదురువరకు జరుగుచుండును. ఈ పనులు చేయువారిలో హెచ్చుమంది స్త్రీలు. చేలలో చాటు దొరకదను జంకుచేత వారు నీరు తక్కువగా త్రాగుదురు. మూత్రము వచ్చినను ఆపుకొందురు. తరువాత మూత్రము పోయునప్పుడు మంట పుట్టగా, "వేడి చేసినది" అని మజ్జిగయో, బార్లీ నీరో త్రాగి ఊరకుందురు. కాని ఆ మంటకు సూక్ష్మజీవులు కారణము కావచ్చును.

మార్గము

మూత్రపిండములు రెండును రక్తమును వడపోసి మూత్రమును తయారుచేయును. అది రెండు సన్నని నాళముల ద్వారా మూత్రాశయమును చేరి, అచ్చట నిలువయుండి, ప్రసేకమను గొట్టము ద్వారా వెలుపలికి పోవును. ప్రసేకము పొడవు పురుషులలో సుమారు 20 సెంటీమీటర్లు; స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే. పైగా స్త్రీలలో దాని ద్వారము మలద్వారమునకు చేరువగా నుండును. వారికీ వ్యాధి హెచ్చుగా సోకుటకు ఇదియే ముఖ్యకారణము.

కారణములు

ఈ వ్యాధిని కలిగించువానిలో ప్రధానమైనది ఎషెరీషియా కోలై అను బాక్టీరియా. దీనిని 1885లో థియొడోర్ ఎషెరిష్ అను వైద్యుడు వర్ణించెను. ప్రేవులలో నున్నంతవరకు ఇది సాధారణముగా హాని చేయదు. మూత్రమార్గమున ప్రవేశించినచో వ్యాధిని కలిగించును. ప్రయోగశాలలో, అనుకూల పరిస్థితులలో, ఇది 20 నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఆ లెక్కను ఒక్కటి 4 గంటలలో 4,096 అగును. మూత్రము వెడలినప్పుడెల్ల లోన చేరిన జీవులు చాలవరకు కొట్టుకొనిపోవును. నీరు త్రాగక, మూత్రము నాపుకొనినచో ఈ సహజరక్షణ లోపించును.

గర్భము, మధుమేహము, మూత్రపిండములలోని రాళ్ళు, వృద్ధులైన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుటయు వ్యాధికి తోడ్పడును. మిరపకారము కొందరికి మంటను హెచ్చింపవచ్చును గాని సూక్ష్మజీవులను పుట్టింపజాలదు.

రకములు, లక్షణములు

వ్యాధి ప్రసేకమునకు మాత్రమే సోకినచో మూత్రము పోయునప్పుడు మంట కలుగును. మూత్రాశయమునకు సోకినచో మంటతోపాటు మాటిమాటికి పోవలెననిపించును. కొద్దికొద్దిగా మాత్రమే వచ్చును. పొత్తికడుపు నొప్పియుండును. మూత్రము కలకబారి దుర్వాసన వేయును. ఒక్కొక్కప్పుడు రక్తము పడును. వ్యాధి మూత్రపిండములకు ప్రాకినచో చలిజ్వరము, నడుముకు పైన ప్రక్కగా నొప్పి, వాంతులు కలుగును. ఈ దశలో ఆలస్యము చేసినచో సూక్ష్మజీవులు రక్తమున చేరి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఏమి చేయవలెను?

నీరు చాలక చిక్కబడిన మూత్రము ముదురు పసుపురంగున నుండి, కొంచెము చురుకు పుట్టించును. తగినంత నీరు త్రాగినచో అది పలుచబడి, బాధ తగ్గును. అట్లు తగ్గకున్నను, జ్వరము గాని రక్తము గాని కనిపించినను, వైద్యునిచేత మూత్రపరీక్ష చేయించుకొనవలెను. మందులను చెప్పినన్ని దినములు వాడవలెను; మంట తగ్గినదని మధ్యలో మానరాదు. మజ్జిగ, బార్లీ నీరు మేలే గాని మందునకు బదులు కావు.

మరుగుదొడ్డి బాగుగా లేదని బడిలో నీరు త్రాగక, సాయంకాలమువరకు ఓర్చుకొను బాలికల స్థితియు చేలలోని కూలీల స్థితివంటిదే. త్రాగుటకు మంచినీరు, పోవుటకు శుభ్రమైన చాటు — ఈ రెండును ఉన్నచోట ఈ వ్యాధి సోకు అవకాశము కొంత తగ్గును.