పాంబన్ రైల్వేస్టేషన్: జంక్షన్ నుంచి దారిమజిలీకి

రైల్వే పరిభాషలో జంక్షన్ అంటే మార్గాలు కలిసే లేదా విడిపోయే చోటు. ఊరి జనాభాతో గాని, వర్తకంతో గాని ఆ పేరుకు నిమిత్తం లేదు. తమిళనాడులోని రామనాథపురం జిల్లాకు చెందిన పాంబన్ ద్వీపం పడమటి కొసన ఉన్న పాంబన్ స్టేషన్ యాభై ఏళ్లపాటు అటువంటి జంక్షన్. నేడది మండపం, రామేశ్వరం స్టేషన్ల నడుమ ఒక చిన్న మజిలీ మాత్రమే. ఈ మార్పునకు 1964 నాటి తుఫానును కారణంగా చెప్పడం పరిపాటి. అది సత్యమే గాని సంపూర్ణ సత్యం కాదు. ఆ జంక్షన్ ఏ గమ్యం కోసం ఏర్పడిందో పరిశీలిస్తే గాని దాని పతనం అర్థం కాదు.

రైలు రాకమునుపే పాంబన్ ఒక రేవు. 1897 జనవరి 26న స్వామి వివేకానంద పాశ్చాత్య దేశాల పర్యటన ముగించి, కొలంబో మీదుగా వచ్చి భారతభూమిపై అడుగుపెట్టింది ఇక్కడే. దక్షిణ భారత రైల్వే కంపెనీ మీటర్ గేజ్ మార్గం 1902లో మదురై నుంచి మండపం వరకు వచ్చి సముద్రం దగ్గర ఆగింది. 1911లో మొదలైన వంతెన నిర్మాణం పూర్తయి 1914 ఫిబ్రవరి 24న రాకపోకలు ఆరంభమయ్యాయి. కొద్ది రోజుల్లోనే, మార్చి 1న, ద్వీపం ఆగ్నేయపు కొసన ఉన్న ధనుష్కోటి నుంచి సింహళంలోని తలైమన్నారుకు స్టీమరు సేవ మొదలైంది. ఈ రెండు తేదీల సామీప్యం యాదృచ్ఛికం కాదు. వంతెన ముఖ్యలక్ష్యం కొలంబో ప్రయాణం. అంతకుముందు సింహళానికి వెళ్లేవారు తూత్తుకుడి దాకా రైలులో వెళ్లి, అక్కడినుంచి సుదీర్ఘమైన ఓడప్రయాణం చేయవలసివచ్చేది. ధనుష్కోటి నుంచి సముద్రం మీద ప్రయాణం దాదాపు 35 కిలోమీటర్లే. మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన బోట్ మెయిల్ ప్రయాణికులు రైలు, స్టీమరు, అవతలి ఒడ్డున మళ్లీ రైలు ఎక్కి కొలంబో చేరేవారు.

పాంబన్ దగ్గర పట్టాలు రెండుగా చీలేవి. ఒకటి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని రామేశ్వరానికి, మరొకటి సుమారు 24 కిలోమీటర్ల దూరంలోని ధనుష్కోటికి. ఈ రెండింటిలో సముద్రాంతర ప్రయాణికులను మోసినది రెండోదే. యాత్రికుల దృష్టిలో ద్వీపమంతటికీ కేంద్రం రామనాథస్వామి ఆలయం కావచ్చు. రైల్వే దృష్టిలో మాత్రం రామేశ్వరం పక్కదారిలోని ఊరు. ధనుష్కోటి మార్గం మీద రామేశ్వరం రోడ్ అనే పేరుతో మరో స్టేషన్ ఉండటమే ఇందుకు నిదర్శనం. రెండో ప్రపంచయుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం నిలిచిపోయి, కదిలే రైలు నుంచి ఈ రోడ్డు వెంట విసిరిన పత్రికల కట్టలను ఏరుకుని ఊళ్లో పంచిన వైనాన్ని ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ ఆత్మకథలో చెప్పారు. కాశీ-రామేశ్వర యాత్రను జీవితధ్యేయంగా భావించిన తెలుగువారికి ఈ చీలిక ఆచారరీత్యా కూడా ముఖ్యమైనదే. సేతుస్నానం, ప్రయాగకు తీసుకువెళ్లవలసిన సేతువు ఇసుక ధనుష్కోటి వైపు. గంగాజలంతో అభిషేకం రామేశ్వరంలో. రైలు లెక్కలో అవి రెండు వేర్వేరు శాఖలు.

వంతెనకు కాపలా

పాంబన్ స్టేషన్ నిర్వహణలో మిగిలిన చిన్న స్టేషన్లకు లేని ఒక బాధ్యత ఉంది. మండపం-పాంబన్ మార్గం ఒకే పట్టాల దారి. అటువంటి దారిలో అవతలి స్టేషన్ అనుమతి లేనిదే రైలును పంపకూడదు. ఇక్కడ ఆ రెండు స్టేషన్ల నడుమ సముద్రం, ఆ సముద్రంలో ఓడల దారి కూడా ఉన్నాయి. పాక్ జలసంధికి, మన్నారు సింధుశాఖకు మధ్య తిరిగే పడవలు, చిన్న ఓడలు వంతెన కింది కాలువ గుండానే పోవాలి. అందుకే పాత వంతెన నడుమ షెర్జర్ పద్ధతిలో రెండు రెక్కలుగా తెరుచుకునే భాగాన్ని అమర్చారు. కార్మికులు చేతులతో యంత్రం తిప్పితే ఆ రెక్కలు వెనక్కి ఒరుగుతూ పైకి లేచేవి. రెక్కలు లేచి ఉండగా రైలు రాకూడదు. రైలు వస్తుండగా రెక్కలు లేవకూడదు. వీటికి తోడు గాలి. దాని వేగం నిర్ణీత పరిమితి దాటితే రైళ్లను ఆపివేయాలి. ఓడ, రైలు, గాలి ఈ మూడింటి వంతులనూ చూసుకోవలసిన స్టేషన్లు దేశంలో అరుదు. 1988లో రోడ్డు వంతెన ప్రారంభమయ్యేవరకు ద్వీపవాసులకు రైలు తప్ప మరో నేలదారి లేదు గనుక, ఇక్కడ రైలు ఆగితే ద్వీపమే ఆగిపోయేది.

1964, ఆ తరువాత

1964 డిసెంబరు 22 రాత్రి 11 గంటల 55 నిమిషాలకు 653 నంబరు పాసింజరు ఆరు పెట్టెలతో, 110 మంది ప్రయాణికులతో, ఐదుగురు సిబ్బందితో పాంబన్ నుంచి ధనుష్కోటికి బయలుదేరింది. ధనుష్కోటి చేరువలో సిగ్నల్ కనబడక డ్రైవరు కొంతసేపు ఆగాడని, చివరకు కూత వేసి ముందుకు నడిపాడని చెబుతారు. స్టేషన్ మరికొన్ని వందల గజాల దూరంలో ఉండగా ఉప్పెన కెరటం రైలును ముంచివేసింది. ఒక్కరూ మిగలలేదు. టికెట్టు లేనివారినీ కలుపుకుంటే మృతులు 115 కంటే ఎక్కువే ఉంటారన్న అంచనా కూడా ఉంది. పాంబన్ నుంచి ఆ మార్గంలో సాగిన ఆఖరి ప్రయాణం అదే.

అదే తుఫానుకు వంతెన గర్డర్లలో అత్యధికభాగం కొట్టుకుపోయింది. షెర్జర్ భాగం నిలిచింది. నాటి యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ పర్యవేక్షణలో వంతెనను 46 రోజుల్లో పునరుద్ధరించారు. సముద్రం మీది దారిని నెలన్నరలో నిలబెట్టిన రైల్వే, ఇసుక మీది ధనుష్కోటి దారిని మళ్లీ వేయలేదు. ధనుష్కోటి నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించింది. స్టీమరు సేవ రామేశ్వరానికి మారింది. గమ్యం మారడంతో చీలికకు ప్రయోజనం లేకపోయింది. జంక్షన్‌ను తుఫాను దెబ్బతీసింది. దాన్ని రద్దుచేసినది మాత్రం ఈ మార్పే. రామేశ్వరం-తలైమన్నారు సేవ కూడా 1980ల దశకంలో సింహళంలోని అంతర్యుద్ధ పరిస్థితుల్లో ఆగిపోయింది.

2007లో మార్గం బ్రాడ్ గేజ్‌గా మారింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లను నిలిపివేయడంతో, ప్రయాణాలు ద్వీపం ఇవతలే ముగిసేవి. రెండేళ్లకు పైగా పాంబన్ స్టేషన్‌కు ప్రయాణికుల రైలు లేదు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెన పొడవు సుమారు 2.08 కిలోమీటర్లు. ఇందులో 72.5 మీటర్ల భాగం రెక్కలుగా విడిపోక, యథాతథంగా 17 మీటర్ల ఎత్తుకు నిలువుగా లేస్తుంది. మనుషుల చేతుల స్థానంలో విద్యుత్ యంత్రాలు వచ్చాయి. తిరుపతి నుంచి, విశాఖపట్నం-విజయవాడల మీదుగా భువనేశ్వర్ నుంచి రామేశ్వరం చేరే రైళ్లకు దారి ఇదే.

ధనుష్కోటికి మళ్లీ రైలుమార్గం వేసేందుకు 2019 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్రతిపాదనలో సుమారు 17 కిలోమీటర్ల దారి పాంబన్ నుంచి కాక, రామేశ్వరం నుంచి మొదలవుతుంది.