ఈ గుడ్లగూబ కాపురం నేల బొరియలో.. పేడే దాని ఎర!

గుడ్లగూబ అనగానే చెట్టు తొర్ర, చీకటి గుర్తొస్తాయి. కానీ అమెరికా ఖండాల్లో ఉండే బరోయింగ్ ఔల్ అనే జానెడు పిట్ట నేల బొరియల్లో కాపురం పెడుతుంది. పగలు కూడా బొరియ ముందు పొడవాటి కాళ్లతో నిలబడి కనిపిస్తుంది.

చాలాచోట్ల ఇది సొంతంగా బొరియ తవ్వుకోదు. ప్రెయిరీ డాగ్‌లు, నేల ఉడుతలు తవ్వి వదిలేసిన వాటిలో చేరుతుంది. ఫ్లోరిడాలో మాత్రం ఇసుక నేలను తానే తవ్వుకుంటుంది. ఆడపక్షి గుడ్లు పొదుగుతుంటే మగపక్షి తిండి తెస్తుంది. శత్రువు వస్తే పిల్లలు లోపలి నుంచి అచ్చం రాటిల్‌స్నేక్‌లా శబ్దం చేసి బెదరగొడతాయి.

మిడతలు, పురుగులు, ఎలుకలు, బల్లులు దీని ఆహారం. బొరియ ముందు పశువుల పేడ తెచ్చి పరుస్తుంది. వాసనకు పేడపురుగులు వస్తే కూర్చున్నచోటే తినేస్తుంది! పేడ ఉన్నచోట పది రెట్లు ఎక్కువ పేడపురుగులు తిన్నట్టు 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది.

అయితే పచ్చిక బయళ్లు పొలాలుగా, ఇళ్ల స్థలాలుగా మారిపోతున్నాయి. మేత పాడవుతోందని ప్రెయిరీ డాగ్‌లకు విషం పెడుతున్నారు. అవి పోతే కొత్త బొరియలు ఉండవు, గుడ్లగూబకు గూడూ ఉండదు. కెనడాలో ఇది ఇప్పటికే అంతరించిపోయే ముప్పున్న పక్షుల జాబితాలో ఉంది.

అందుకే కొన్నిచోట్ల పైపులు, పెట్టెలు పాతి కృత్రిమ బొరియలు కడుతున్నారు. ఫ్లోరిడాలోని కేప్ కోరల్ నగరంలో ఇళ్ల మధ్య ఉన్న బొరియల చుట్టూ కర్రలు పాతి కాపాడుతున్నారు. గుడ్లగూబ బతకాలంటే ముందు దానికి ఇల్లు కట్టిపెట్టే జంతువును బతకనివ్వాలి.