నాడి చూద్దాం - గుండెను కాపాడుకుందాం

గుండె దడ అందరికీ వస్తుంది. పరుగెత్తితే వస్తుంది. భయం వేస్తే వస్తుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. దానికి మందు అక్కరలేదు.

కాని కొందరికి వచ్చే దడ వేరు. ఊరికే కూర్చున్నా అది తగ్గదు. గుండె ఒక వరసలో కొట్టుకోదు. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడతాయి. తర్వాతది ఆలస్యంగా పడుతుంది. మళ్లీ మూడు గబగబా పడతాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బిందె ఎత్తితే నీరసం. కొందరికి ఈ బాధలేవీ తెలియను కూడా తెలియవు.

ఈ జబ్బును డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పేరు పెద్దది. గుండె లయ తప్పడం అనుకుంటే చాలు. ఇ.సి.జి. తీస్తే ఇది బయటపడుతుంది.

ఎందుకు వస్తుంది?

పెద్ద వయసులో రావచ్చు. బి.పి. ఎక్కువగా ఉన్నవాళ్లకు రావచ్చు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా రావచ్చు.

మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది. చిన్నతనంలో గొంతు నొప్పి వస్తుంది. కొన్ని వారాలకు జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. దీన్ని కీళ్లవాత జ్వరం అంటారు. కీళ్లు బాగుపడతాయి. కాని గుండెలోని కవాటం, అంటే వాల్వు, దెబ్బతినవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ అది ఇరుకైపోతుంది. అప్పుడు గుండె లయ తప్పుతుంది. కవాటం ఇట్లా ఇరుకు కావడం ఆడవాళ్లలోనే ఎక్కువ.

గుండె లోపల ఏం జరుగుతుంది?

గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పైన రెండు, కింద రెండు. పై గదులు రక్తాన్ని కింది గదుల్లోకి పంపుతాయి. కింది గదులు దాన్ని ఒంటికీ, ఊపిరితిత్తులకూ పంపుతాయి.

ఈ జబ్బులో పై గదులు సరిగా ముడుచుకోవు. నిమిషానికి 300 సార్లకు పైగా వణుకుతుంటాయి. ఆ వణుకంతా కిందికి దిగితే మనిషి బతకదు. అందుకే మధ్యలో ఒక తూము లాంటిది ఉంది. చెరువు నీళ్లను తూము ఆపినట్టు, అది చాలా దెబ్బలను ఆపుతుంది. కొన్నిటినే కిందికి వదులుతుంది. అయినా కింది గదులు నిమిషానికి 120, 150 సార్లు కొట్టుకోవచ్చు.

గుండె వేగంగా కొట్టుకుంటే నష్టం ఏమిటి?

బావిలో చేద వేశారనుకోండి. చేద నిండకముందే లాగితే ఏమవుతుంది? సగం నీళ్లే పైకి వస్తాయి. ఎన్నిసార్లు లాగినా చేతులు నొప్పి పుడతాయి గాని బిందె నిండదు.

గుండె కూడా అంతే. దెబ్బకూ దెబ్బకూ మధ్య అది రక్తంతో నిండాలి. నిండే సమయం లేకపోతే ఒంటికి తక్కువ రక్తం అందుతుంది. ఆయాసం వస్తుంది. కాళ్లు వాస్తాయి. నెలల తరబడి ఇట్లాగే ఉంటే గుండె కండ బలహీనపడుతుంది. వేగం తగ్గిస్తే ఆ కండ చాలామందిలో మళ్లీ కోలుకుంటుంది.

లయ మళ్లీ సరికాదా?

కొందరిలో అవుతుంది. మందులతో గాని, ఆసుపత్రిలో కరెంటు షాకు ఇచ్చి గాని లయను సరిచేస్తారు. జబ్బు చాలా ఏళ్లుగా ఉంటే పై గదులు పెద్దవైపోతాయి. అప్పుడు సరిచేసినా లయ నిలవదు. అట్లాంటివాళ్లకు లయను వదిలేసి, వేగాన్ని అదుపులో పెడతారు. లయ తప్పిన గుండెతో కూడా ఏళ్ల తరబడి బతకవచ్చు. అయితే వేగం అదుపులో ఉండాలి.

వేగం తగ్గించే మందులు

మెటోప్రోలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ - ఇవి ఎక్కువగా వాడే మందులు. ఇవి తూమును బిగిస్తాయి. కిందికి దిగే దెబ్బలు తగ్గుతాయి.

డిగాక్సిన్ వెనుక ఒక ఆకు ఉంది. ఇంగ్లండులో ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఉంది. దాని ఆకు ఎట్లా పనిచేస్తుందో విలియం వితరింగ్ అనే డాక్టరు 1785లో పుస్తకం రాశాడు. ఆ ఆకు మందే, విషం కూడా. డిగాక్సిన్ కూడా అట్లాంటిదే. మేలు చేసే మోతాదుకూ, కీడు చేసే మోతాదుకూ తేడా తక్కువ. ఆకలి పోయినా, వాంతులు అయినా, చూపు పసుపుగా కనిపించినా డాక్టరుకు చెప్పాలి. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు మాత్రలు కలిపి వేసుకోకూడదు.

ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మెటోప్రోలాల్ వాళ్లకు పడకపోవచ్చు.

నాడి ఎట్లా చూడాలి?

దీనికి కావలసింది సెకన్ల ముల్లు ఉన్న గడియారం. అంతే.

1. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.
2. అరచేయి పైకి పెట్టాలి. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండో చేతి మూడు వేళ్లు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. దానికీ నాడి ఉంటుంది.
3. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే కుదరదు. లయ తప్పిన నాడి ఒక పావులో 20, ఇంకో పావులో 28 ఉండవచ్చు.

నాడి వేగంగా ఉంటే పెద్ద అంకెలు నోరు తిరగవు. "ఎనభై ఏడు" అనేలోపు రెండు దెబ్బలు పడిపోతాయి. దానికి ఒక ఉపాయం ఉంది. ఒకరు పది వరకే లెక్కపెట్టాలి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. పది అయినప్పుడల్లా పక్కనున్నవాళ్లు ఒక చింతపిక్క పక్కన పెట్టాలి. నిమిషం అయ్యేసరికి 9 పిక్కలు, పైన 4 దెబ్బలు ఉన్నాయనుకోండి. నాడి 94 అన్నమాట.

ఆ అంకెను తేదీ వేసి నోటుపుస్తకంలో రాయాలి. డాక్టరు దగ్గరికి ఆ పుస్తకం తీసుకుపోవాలి. మాత్ర పెంచాలో తగ్గించాలో తేల్చుకోవడానికి ఆ అంకెలు సాయపడతాయి. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూస్తే అంకె ఇంకా ఎక్కువ రావచ్చు. మీ లెక్క తప్పని కాదు. కొన్ని దెబ్బలు బలం లేక మణికట్టు దాకా రావు.

ఎంత ఉండాలి?

నెదర్లాండ్స్ దేశంలో ఈ జబ్బున్న 614 మందిని చూశారు. కొందరికి 80 లోపు, కొందరికి 110 లోపు ఉంచారు. 2010లో ఫలితం చెప్పారు. 110 లోపు ఉన్నవాళ్లకు ఎక్కువ నష్టమేమీ కలగలేదు. అందుకని చాలామందికి, కూర్చున్నప్పుడు 110 లోపు ఉంటే మొదట్లో సరిపోతుంది అంటారు. అయినా ఆయాసం ఉంటే ఇంకా తగ్గిస్తారు. కవాటం ఇరుకైనవాళ్లకు గుండె నిండడానికి ఎక్కువ సమయం కావాలి. వాళ్లకు ఇంకా నెమ్మదిగా ఉండాలి. మీ అంకె ఎంతో మీ డాక్టరునే అడగండి. పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

నాడి ఉన్నట్టుండి పెరిగిందా? జ్వరం, విరేచనాలు, రక్తం తక్కువ కావడం, సారా తాగడం, మాత్ర మానడం - వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. జలుబుకు షాపులో కొన్న మాత్రలు కూడా కారణం కావచ్చు.

"బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకు?"

ఈ మాట చాలా ఇళ్లల్లో వినబడుతుంది.

"దడ తగ్గిందిగా, ఇంకా మాత్రలెందుకే?" అంటుంది అత్త.

"వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది అత్తయ్యా" అంటుంది కోడలు.

కోడలి మాటే నిజం. మాత్రలు జబ్బును పోగొట్టవు. వేగాన్ని పట్టి ఉంచుతాయి. ఉన్నట్టుండి మానేస్తే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మాత్రలు అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోవాలి.

గడ్డకు వేరే మందు

వణికే పై గదిలో రక్తం నిలిచిపోతుంది. గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. వేగం తగ్గించే మాత్ర దీన్ని ఆపదు. చాలామందికి రక్తం పలచబడే మందు వేరే కావాలి. కవాటం ఇరుకైనవాళ్లకు వార్ఫరిన్ లాంటి మందు ఇస్తారు. దానికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష క్రమంగా చేయించుకోవాలి. ఆకుకూరలు మానక్కరలేదు. ఒక వారం బాగా, ఒక వారం అసలే లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి.

ఈ మందు వాడేవాళ్లు షాపులో ఒంటినొప్పుల మాత్రలు కొని మింగకూడదు. రక్తస్రావం కావచ్చు. ఆరెంపీ దగ్గర సూది వేయించుకునే ముందు ఈ మందు సంగతి చెప్పాలి. బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. నెల తప్పితే వెంటనే చెప్పాలి. వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. మీ అంతట మీరు మానకూడదు. డాక్టరే మందు మారుస్తారు.

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

- కూర్చున్నా నాడి 110 దాటి తగ్గకపోతే, రేపు మాపు అనకుండా చూపించుకోవాలి.
- నాడి 50 కంటే తగ్గితే ఆ రోజే పోవాలి. డిగాక్సిన్ వాడేవాళ్లకు 60 కంటే తగ్గితే, ఆ పూట మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగాలి.
- ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.
- మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఎప్పుడు మొదలైందో టైము గుర్తుపెట్టుకోవాలి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.

చెప్పండి చూద్దాం

1. నాడిని నిండా ఒక నిమిషం ఎందుకు చూడాలి?
2. 8 చింతపిక్కలు, పైన 6 దెబ్బలు. నాడి ఎంత?
3. దడ తగ్గిందని మాత్ర మానేస్తే ఏమవుతుంది?
4. ఈ రోజు మీ ఇంట్లో ఒకరి నాడి చూడండి. తేదీ వేసి అంకె రాయండి.